కొట్లాట దశల నల్లి బొక్క

నేను గోదావరిఖనిల ఒక గని ఆఫీసుల క్లర్కును. పోయిన ఎండాకాలం ట్రైనింగు మీటింగు ఉంటే, ఒక జట్టు ఎట్ల తయారైతదో స్లైడ్లు చెయ్యమన్నడు మా సారు. కలుసుడు, కొట్లాడుడు, కుదురుకునుడు, కలిసి పనిచేసుడు. ఒక్కో దశకు ఒక్కో బొమ్మ వెతికి, ఆదివారాలు సుత కూసొని చేసిన. మీటింగు నాడు పొద్దుగాల చూస్తే మొదటి స్లైడు మీద ‘తయారుచేసినవారు’ అని ఆయన పేరుంది. అడిగితే, "నువ్వు టైపు చేసినవమ్మా, అంతే" అన్నడు.

నాకు కడుపు మండింది. కంప్యూటర్ కాడ కూసునేది నేనే. కొట్లాట దశ బొమ్మ తీసేసి, మా ఆఫీసు మటన్ దావతుల ఫొటో పెట్టిన. అండ్ల సారు మూలుగున్న నల్లి బొక్క కోసం మా డ్రైవర్ కాక చేతిల గరిటె గుంజుతున్నడు.

మీటింగుల మా సారు తెర దిక్కు చూడకుంటనే, "ఇది కొట్లాట దశ. ప్రతి జట్టుల ఇసొంటోడు ఒకడుంటడు" అన్నడు. హాలంత నవ్వింది. పెద్దసారు సుత నవ్విండు. వెనుకకు తిరిగి చూసినంక మా సారు మొఖం మాడిపోయింది.

"ఈ ఫొటో ఎవరు పెట్టిండ్రు?" అన్నడు నన్నే చూసుకుంట.

"తయారుచేసింది మీరే కద సార్, మొదటి స్లైడు మీద ఉంది" అన్న.

పగ మంచిది కాదని మా అవ్వ అంటది. కావచ్చు. కని ఆ మధ్యాహ్నం నా టిఫిన్ల పప్పుచారు ముందట ఏ నల్లి బొక్కా పనికిరాదు.