వదిన చేప తిన్న ఊరు

మొన్న గుడివాడలో కొత్తగా తెరిచిన సూపర్ మార్కెట్‌కి పసుపూ చింతపండూ కొనుక్కుందామని వెళ్తే, సాసు సీసాల వరసలో చేప బొమ్మ ఉన్న సన్నటి సీసా ఒకటి కనబడి, దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయాను. బిల్లు కొట్టే అమ్మాయి వచ్చి, అది విదేశీ వంటల్లో వేసేదండీ, మీకు పనికిరాదు అని ఎంతో మర్యాదగా చెప్పింది. నాకు తెలుసమ్మా అన్నాను, ఇంకేం చెబుతాను? నా ఈడువాళ్లెవరైనా పక్కన ఉంటే అక్కడే కూలబడి అంతా చెప్పుకునేదాన్ని. ఎవరూ లేరు గనక మీతో చెప్పుకుంటున్నాను.

వదినంటే మా ఆయనకి అక్కగారు. నాగాయలంక అవతల సముద్రాన్ని ఆనుకున్న పల్లె వాళ్లది. నెత్తిన గంప పెట్టుకుని అవనిగడ్డ దాకా వెళ్లి చేపలమ్మిన మనిషి, బేరంలో ఎవరికీ లొంగని మనిషి. డెబ్బై ఏడులో ఉప్పెన వచ్చిన రోజు ఒక చేత్తో తుమ్మకొమ్మనీ ఒక చేత్తో నాలుగేళ్ల కూతుర్నీ పట్టుకుందట, తెల్లారేసరికి కొమ్మ ఒక్కటే చేతిలో ఉందట. పిల్ల దొరకలేదు. కొట్టుకుపోయిన శవాలెన్నో సముద్రంలోనే ఉండిపోయిన ఆ ఏడాది మా తీరంలో చాలామంది చేప ముట్టలేదు, ఎందుకు ముట్టలేదో నా తరంవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. తర్వాత ఒక్కొక్కరే మళ్లీ మొదలుపెట్టారు, కడుపు ఊరుకుంటుందా? వదిన మాత్రం మొదలుపెట్టలేదు. చేపలమ్మింది, ఇంటిల్లిపాదికీ పులుసు కాచిపెట్టింది, తను మాత్రం మజ్జిగన్నం కలుపుకుని లేచిపోయేది. పోనీ పిల్ల పోయిందని ఒప్పుకుందా అంటే అదీ లేదు. కళ్లతో చూడంది ఎలా పోయిందంటారని, కర్మ చేస్తామన్న పెద్దలందర్నీ గుమ్మంలోంచే పంపేసింది. ఎవరో తీసుకెళ్లి పెంచుకుంటున్నారని ఆవిడ నమ్మకం. నేను కోడలిగా వచ్చేనాటికే వదిన ఇంట్లో ఆ పిల్ల పేరెత్తే ధైర్యం ఎవరికీ లేదు.

మా ఆయన పోయిన మరుసటేడు, నేను ఇంట్లోంచి కదలడం మానేశానని వదిన కొడుకు, అంటే నా మేనల్లుడు, ఒక టూరు పట్టుకొచ్చాడు. కృత్తివెన్నులో రొయ్యల చెరువులు చేసుకునే కుర్రాడు, ఉప్పెన తర్వాత పుట్టినవాడు. వియత్నాంలో నాలుగు ఊళ్లు, పెద్ద హోటళ్లుండవు, జనం ఇళ్లల్లోనే బస, రైళ్లల్లో ప్రయాణం, వాళ్లు తినేదే మనమూ తినడం, అందుకే చవక అన్నాడు. వదిన కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వి, బందరు దాటి ఎరగనిదాన్ని, ఈ వయసులో నాకు ఫారినేమిట్రా అంది. కానీ నేనొక్కదాన్నే వెళ్లనని మొండికేస్తే నా కోసం ఒప్పుకుంది.

వెళ్లేముందు రెండు కుటుంబాల ఆడవాళ్లమూ కూర్చుని గోంగూర, మాగాయ, పండుమిరప పచ్చళ్లు సీసాలకెత్తాం. పెట్టెలో పెడితే నూనె కారి చీరలు పాడవుతాయని వాటిని చేతిసంచీలో పెట్టుకోవడం మేం చేసిన గొప్ప తెలివైన పని. హైదరాబాదు ఎయిర్‌పోర్టులో ఒక్క సీసా కూడా మిగల్చకుండా తీసి పక్కన పడేశారు. అది గోంగూర నాయనా, బాంబు కాదు, కావాలంటే నువ్వు తిను అని వదిన ఎంత బతిమాలినా తనిఖీ చేసే అబ్బాయి తలెత్తలేదు. అలా, ఆవిడ తినగలిగిందేదీ లేకుండానే విమానమెక్కాం.

హనోయ్‌లో పొద్దున్నే పేవ్‌మెంటు మీద చిన్నపిల్లల స్టూళ్లంత స్టూళ్ల మీద కూర్చుని, పొగలు కక్కే సేమ్యాల రసంలో గుప్పెళ్లకొద్దీ ఆకులు తుంచి వేసుకుని తిన్నాం. హైదరాబాదు నుంచి మాతో వచ్చిన తెలుగు గైడు వదినకి చేపా రొయ్యా వద్దని వెళ్లిన ప్రతిచోటా చెప్పేవాడు, వాళ్లూ తలూపి కోడిమాంసంతోనో ఆకుకూరతోనో చేసి తెచ్చేవారు. హుయె ఊళ్లో చిన్నచిన్న పింగాణీ సాసర్లలో బియ్యప్పిండి పోసి ఆవిరికి పెడుతుంటే, మన కుడుమేగా అని వదిన సంబరపడింది. హోయ్ ఆన్‌లో గుడ్డ లాంతర్లు చూస్తూ నేను పెడనలో కలంకారీ అద్దకం బల్లల దగ్గర తిరిగిన రోజులు తలుచుకుంటుంటే, ఆవిడ మాత్రం మేం దిగిన ఇంటి ముందుగదిలోనే ఉండిపోయింది. అక్కడ ప్రతి ఇంట్లో పోయిన పెద్దల ఫొటోలు ఒక అరమీద పెట్టి, అగరొత్తులు వెలిగించి, వండినదాంట్లో కాస్త ముందుగా వాళ్లకి పెడతారు. ఏ ఇంటికి వెళ్లినా వదిన ఆ అర ముందు నిలబడేది.

ఆఖరికి సైగాన్ మీదుగా మెకాంగ్ నది చీలికల్లోకి వెళ్లాం. కొబ్బరితోటలూ బురద కాలవలూ పడవలూ చూస్తుంటే దివిసీమలో దిగామా అనిపించింది. మేమున్న ఇంటావిడ మా ఈడుదే. వంట చూపిస్తానని మమ్మల్ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని, ఆకుకూర వేయిస్తూ అందులో సీసాలోంచి ఎర్రటి నీళ్లేవో పోసింది. సీసా మీద చేప బొమ్మ ఉంది. గైడుని అడిగితే, చేపని ఉప్పులో ఊరబెట్టి తీసిన రసమండీ, ఇక్కడ అన్నిట్లోనూ వేస్తారు, అది చేప కింద లెక్క కాదు, ఉప్పు లాంటిదే అన్నాడు తాపీగా. అంటే హనోయ్‌లో తిన్న మొదటి గిన్నె దగ్గర్నుంచీ! వదిన ఇన్నేళ్ల నిష్ఠ మంటగలిసిందే అని ఏడుపొచ్చి, ఆవిడ చేతిలోని కంచం లాక్కోబోయాను.

వదిన నా చెయ్యి పట్టుకుని ఆపింది. "మొదటి రోజే తెలిసిందే అమ్మాయ్. చేపలమ్మి బతికినదాన్ని, ఆ వాసన నాకు తెలీదా?"

మరి ఎందుకు తిన్నావు వదినా అన్నాను.

"ఆకలేసింది, తిన్నాను. తిన్నాక ఆలోచించుకున్నాను. నోటితోనేమో పిల్ల ఎక్కడో బతికే ఉందంటాను, చేప మాత్రం ముట్టను. బతికే ఉంటే ఆ చేపంటే నాకెందుకే భయం? అది లేదని నాకు ఎప్పుడో తెలుసు, అంతే. వీళ్లు చూడు, పోయినవాళ్లకి పెట్టందే ముద్ద ముట్టరు. నా పిల్లకి ఇన్నేళ్లూ ఒక్క ముద్ద పెట్టినవాళ్లు లేరు."

ఇవేవీ తెలియని ఇంటావిడ మట్టిదాకలో ఉడికిన చేపలోంచి మంచి ముక్క ఏరి, అతిథికి పెట్టడం వాళ్ల మర్యాద కాబోలు, వదిన గిన్నెలో పెట్టింది. వదిన ఆ గిన్నె పట్టుకుని లేచి, గోడవారనున్న అరకేసి చూపించి, అక్కడ పెట్టొచ్చా అని సైగ చేసింది. ఇంటావిడ తన పెనిమిటి ఫొటో కాస్త పక్కకి జరిపి చోటిచ్చింది. అగరొత్తి కాలినంతసేపూ వదిన అక్కడే నిలబడింది. తర్వాత గిన్నె తీసుకుని వచ్చి నా పక్కన కూర్చుని ముళ్లు తీసుకుంటూ నెమ్మదిగా తింది.

తిరిగొచ్చాక నెల తిరక్కుండా హంసలదీవి సంగమం దగ్గర మేనల్లుడి చేత తిలోదకాలు ఇప్పించింది. మొలలోతు నీళ్లలో నిలబడ్డ మేనల్లుడిని పిల్ల పేరు చెప్పమని పురోహితుడు అడిగితే, వాడు తెల్లబోయి తల్లి వైపు చూశాడు. వాడికి తెలియదు, పాపం. సొంత అక్క పేరు ఆ ఇంట్లో పెరిగినవాడికి తెలియదు. వదిన ఒడ్డునుంచే, గాలికి వినబడదేమోనని గొంతు పెంచి, ఆ పేరు పలికింది. నా ఇన్నేళ్ల కాపురంలో నేనూ ఆ పేరు వినడం అదే మొదలు.

వదిన పోయింది. వాళ్ల పల్లె ఉన్నచోట ఇప్పుడు రొయ్యల చెరువులూ, వాటిలో నీళ్లు చిలికే ఏరేటర్ల మోతా. తుపానంటే ముందురోజే ఫోన్లు మోగుతాయి, బస్సులొచ్చి జనాన్ని తీసుకెళ్తాయి, సంతోషమే. ఈ కాలంవాళ్లకి దుఃఖమొస్తే పదిమందికీ చెప్పుకుని తేలికపడతారు, అదీ మంచిదే. మాకు అది చాతకాలేదు. ఒక తల్లి తన బిడ్డ పేరు నోరారా పలకడానికి అన్ని సముద్రాలు దాటి వెళ్లిరావలసి వచ్చింది. ఆ పేరు తెలిసినవాళ్లం ఇప్పుడు మేనల్లుడూ నేనూ మిగిలాం. దాన్ని ఇక్కడ రాద్దామనే కూర్చున్నాను గానీ, ఆవిడ అంత కష్టపడి పలికిన మాటని ఇంత తేలిగ్గా రాసేయడానికి నాకు చెయ్యి రావడం లేదు.