ఆరు తులాల సీసం

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు ఎంతో నాకు కచ్చితంగా తెలుసు. ఆరు తులాలు. గుడ్డముక్కలో చుట్టి, ట్రంకుపెట్టెలో పెళ్ళిచీర మడతల కింద దాచాను. ఇంట్లో వాళ్ళు అదేదో పాత వెండి అనుకుంటారు. వెండి కాదు, సీసం. దాని సంగతి మా ఆయనకు చెప్పలేదు. బిడ్డలకు చెప్పలేదు. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా ఆ మాట మనసులోకి వచ్చేసరికి గబగబా దాటేసి, పిల్లల చదువుల దగ్గరికి పోయేదాన్ని. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేరు మాత్రం అడగొద్దు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఊరు చాలక గుడారాల్లో ఆఫీసులు పెట్టారు. మా ఆయన అప్పటికే కాలువల ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. మా కమలాపురం పొలాలు కౌలుకిచ్చేసి, కర్నూల్లోనే ఇల్లు కట్టుకుని ఉన్నాం. ఆయనకు ఒక పిచ్చి ఉండేది. గోల్ఫు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తెల్లదొర దగ్గర నేర్చుకున్నాడు. ఆ దొర దేశం వదిలిపోతూ బంతి కొట్టే తన కట్టెలను ఈయనకు ఇచ్చిపోయాడు. ఆ కట్టెలను ఈయన చూసుకున్నట్టు నన్ను చూసుకుని ఉంటే నేను రాణినై ఉందును. వారానికోసారి నూనె రాసి, మెత్తటి గుడ్డతో తుడిచి, ఎండ తగలని మూల నిలబెట్టేవాడు. నా మోకాలి నొప్పికి నూనె రాయమంటే మాత్రం సీసా ఎక్కడుందో తెలిసేది కాదు.

ఊరి బయట తంగేడు పొదలు కొట్టేసి, ఆఫీసర్లు కొందరు కలిసి ఆట నేల ఒకటి చేసుకున్నారు. గడ్డి ఎక్కడిది మనకు? బంతి పడే గుంట చుట్టూ ఇసుక పోసి, దుమ్ము లేవకుండా మిల్లులో వాడేసిన నూనె చల్లేవాళ్ళు. ఆ నూనె పంపించేది సుబ్బయ్య శెట్టి. శనక్కాయల వ్యాపారి, మా ఆయనకు బడినాటి స్నేహితుడు. మా ఆయనే ఆయనకు కూడా ఈ ఆట అంటించాడు. పంచె గోచీ పెట్టి, తలకు తువ్వాలు చుట్టి గోల్ఫు ఆడిన మనిషి ఆ జిల్లాలో ఆయనొక్కడే అయ్యుంటాడు. నేను ఆయన్ను అన్నా అని పిలిచేదాన్ని. నోటిమాటగా కాదు, నిజంగానే అన్న. ఆయన నన్ను చెల్లెమ్మా అనేవాడు.

శెట్టన్న చేతి గురించి ముందే చెప్పాలి. అది తెలియకపోతే నేను చేసిన పని మీకు అర్థం కాదు. మండీలో ఆయన మూటలోకి చెయ్యి పెట్టి, గుప్పెడు శనక్కాయలు తీసి, రెండుసార్లు ఎగరేసి పట్టుకుని, పప్పు ఎంత దిగుతుందో చెప్పేవాడు. రైతు ఒప్పుకునేవాడు, కొనేవాడూ ఒప్పుకునేవాడు. త్రాసు పక్కనే ఉన్నా దాని అవసరం వచ్చేది కాదు. మా ఇంటికొస్తే అదొక ఆట. గుమ్మడికాయ ఇస్తే బరువు చెప్పాలి, చెంబు ఇస్తే బరువు చెప్పాలి. మా ఆయన గోల్ఫు కట్టెలు కూడా ఒక్కొక్కటే ఎత్తి బరువు చెప్పినవాడే. నా పెద్దబిడ్డ పుట్టినప్పుడు పొత్తిగుడ్డలతో సహా ఎత్తుకుని, "రెండు వీశెలకు పలం తక్కువ" అన్నాడు. ఆసుపత్రిలో తూచితే పలం కూడా తేడా రాలేదు. ఆ రోజు నుంచి నా బిడ్డల్లో ఎవరు పుట్టినా మొదట ఎత్తుకున్నది ఆయన చేతులే.

ఒక వేసవిలో మా ఆయనకు విషజ్వరం వచ్చింది. నెలకు పైగా మంచం మీద ఉన్నాడు. లేచాడు గానీ, భుజాల్లో సత్తువ లేవలేదు. మళ్ళీ ఆటకు పోయాడు. కట్టె పైకెత్తేసరికే అలసట, కిందికి దించేసరికి విసురు ఉండదు. బంతి నాలుగు గజాలు దొర్లి తంగేడు మొద్దు దగ్గర ఆగిపోయేది. ఇంటికొచ్చి మాట్లాడకుండా కూర్చునేవాడు. సంగటి ముద్ద సగం కంచంలోనే వదిలేసేవాడు. నాతో తగాదా కూడా మానేశాడు. తగాదా లేని ఆ మనిషిని చూస్తే నాకు భయం వేసింది. జ్వరంలో కూడా అంత భయపడలేదు నేను.

అప్పుడే మద్రాసు ఆటసామాన్ల దుకాణం ఒకటి పంపిన పట్టిక కనబడింది. విసురు తగ్గినవాళ్ళ కోసం తేలిక కట్టెలు చేస్తారట, బొమ్మలు కూడా వేశారు. తెప్పించుకుందామని చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివి, పక్కన పడేశాడు.

"ఆడోళ్ళకూ ముసలోళ్ళకూ అని రాసినారు. నన్ను యా లెక్కలో కడ్తాండావు నువ్వు?" అన్నాడు.

ఏ లెక్కలోనూ కట్టలేదు. కానీ ఒకరోజు పెరట్లో కొర్రలు దంచుతుంటే నా రోకలి పగిలింది. మూలనున్న మా అత్తగారి రోకలి తీసుకున్నాను. ముసలితనంలో ఆమె కోసమని మామగారు సన్నగా చేయించింది అది. ఎత్తితే చెయ్యి దానంతటదే లేచింది. దెబ్బ బరువుగా పడకపోయినా వడిగా పడింది. కొర్రలు త్వరగా నలిగాయి. నేను అక్కడే చతికిలబడి కాసేపు ఆ రోకలిని చూస్తూ ఉండిపోయాను. సత్తువ లేని చేతికి కావలసింది ఇంకా సత్తువ కాదు, తేలిక కట్టె. అత్తగారికి మామగారు చేసిన పని ఈయనకు నేను ఎందుకు చేయకూడదు? చేయొచ్చు. చెప్పి చేయొచ్చు. నేను చెప్పకుండా చేశాను.

ఆయన చుట్టాలతో కలిసి అహోబిలం పోయాడు, వారం రోజులకు. నడుం నొప్పి అని నేను ఆగిపోయాను. బండి సందు మలుపు తిరగగానే ఖాసిం సాబును పిలిపించాను. మా వీధిలో మంచం కోళ్ళు, కొడవలి పిడులు చేసే వడ్రంగి. కట్టెల్లో పెద్దవి మూడు, వాటికి కొయ్య తలకాయలు. తలకాయ వెనక గుంట తొలిచి సీసం పోసి ఉందని సాబు వేలితో తట్టి చెప్పాడు.

"సారుకు తెలిస్తే నా సేతి ఏళ్ళు ఇరగ్గొడ్తాడు తల్లీ" అన్నాడు. "తెలియదు సాబూ, చెప్పేదెవరు?" అన్నాను.

సీసం తవ్వి తీశాడు. ఆ గుంటలో లక్క, రంపపు పొట్టు కలిపి నింపి, పైన రంగేశాడు. పిడులను పగిలిన సీసా పెంకుతో గీకి గీకి సన్నం చేశాడు. పైన పాత తోలే మళ్ళీ చుట్టాడు. ఇనుప కట్టెలు అట్లాగే ఉంచేశాం, అవి దగ్గరి దెబ్బలకే గదా. అన్నింటికంటే పెద్ద కట్టెలో తీసిన సీసాన్ని కంసాలి త్రాసులో తూచాడు సాబు. పని కచ్చితంగా ఉండాలి ఆయనకు. నింపిన లక్క పోను, పిడి చెక్కుతో కలిపి కట్టె ఆరు తులాలు తగ్గిందన్నాడు. తరవాత మిగతా కట్టెల సీసంలోంచి సరిపడా ముక్క ఒకటి చేర్చి, లెక్క ఆరు తులాలు చేసి నా చేతిలో పెట్టి, మీ సొత్తు మీరే ఉంచుకోండి అన్నాడు.

మా ఆయన తిరిగొచ్చిన మర్నాడే ఆటకు పోయాడు. నేను వంటింట్లో ఉన్నాననే గానీ చెవులన్నీ వీధిలోనే. మిట్టమధ్యాహ్నం అరుస్తూ వచ్చాడు.

"ఏమే, సూడు నా సేతులు! బంతి కనబడకుండా పోయింది! నరసింహుడు సత్తువ ఇచ్చినాడే!"

ఆ పూట రెండు ముద్దల సంగటి తిన్నాడు. పచ్చడిలో ఉప్పెక్కువైందని నన్ను తిట్టాడు. ఎంత హాయిగా ఉందో నాకు. వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను, నవ్వాను. ఇంతవరకే అయితే ఇది తప్పే కాదు. ఇంతవరకు చేసినందుకు నేను ఈనాటికీ సిగ్గుపడను.

ఆ తరవాత శెట్టన్న ప్రతి ఆటలోనూ ఓడిపోసాగాడు. ఓడినా నవ్వుతూనే ఉండేవాడు. మా ఆయన ఊరంతా చెప్పుకునేవాడు.

ఒకరోజు పొద్దున శెట్టన్న ఆట కోసం వచ్చాడు. మా ఆయన స్నానానికి పోయాడు. పెరట్లో చెంబు చప్పుడు వినబడుతూనే ఉంది. నేను కాఫీ తెచ్చేసరికి శెట్టన్న అరుగు మీద నిలబడి, సంచిలోంచి పెద్ద కట్టె తీసి, అరచేతి మీద ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. రెండుసార్లు ఎగరేసి పట్టుకున్నాడు.

"చెల్లెమ్మా, ఇది తక్కువుండాదే" అన్నాడు. "యాడో ఆరు తులాలు పోయినట్లుండాది."

ఆరు తులాలు. తులం ఎక్కువ కాదు, తులం తక్కువ కాదు. పెరట్లో చెంబు చప్పుడు ఆగిపోయింది. ఆయన వచ్చేస్తాడు. వింటాడు. కట్టె విప్పి చూస్తాడు. మళ్ళీ ఆ సగం ముద్ద, ఆ మాట లేని మనిషి. అంతే నాకు తోచింది. ఇంకేమీ తోచలేదు.

"అవే కట్టెలన్నా. మార్చేదెవరు?" అన్నాను. అక్కడితో ఆగి ఉంటే? ఆగలేదు. నవ్వుతూ అన్నాను, నవ్వుతూ. "నీ చెయ్యే పాతబడిందేమోలే."

ఆయన నవ్వలేదు. కట్టెను సంచిలో పెట్టి, తన అరచేతిని వెల్లకిలా తిప్పి చూసుకున్నాడు. వేళ్ళు ముడిచి, తెరిచాడు.

"అయ్యుంటాదిలేమ్మా" అన్నాడు. "నువ్వు అబద్ధం సెప్తావా నాకు?"

ఆ ప్రశ్నకు నేను కాఫీ ఇచ్చాను.

పరాయివాళ్ళు ఎవరైనా ఆ మాట అని ఉంటే శెట్టన్న వాళ్ళను త్రాసు దగ్గరికి లాక్కుపోయి ఉండేవాడు. నేనన్నాను గనక నమ్మాడు. నెల తిరక్కముందే మండీలో ఆయన ప్రతి మూటకూ త్రాసు పెట్టించడం మొదలుపెట్టాడని విన్నాను. రైతులు, ఏమైంది శెట్టికి అనుకున్నారట. ఆటకూ రావడం మానేశాడు. మా ఆయన పిలవడానికి పోతే, "సేతులు నమ్మేటట్టు లేవప్పా, నువ్వాడుకో" అన్నాడట. తరవాత మండీలో కూర్చోవడం కూడా తమ్ముడికి వదిలేశాడు. మా ఆయన ఒక్కడే సంచి మోసుకుని పోయి, ఒక్కడే ఆడి, ఒక్కడే వచ్చేవాడు. సత్తువ వచ్చింది గానీ, చూసేవాడు లేకుండా పోయాడని ఒకసారి నాతో అన్నాడు. అప్పుడైనా చెప్పానా? ఆయన కోసం ఊరుకున్నాననుకునేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే, నా ముఖం శెట్టన్నకు చూపించలేకనే ఊరుకున్నానేమో అనిపిస్తుంది. ఏది నిజమో నాకే తెలియదు.

చెప్పకుండానే దిద్దుదామని ఒక ప్రయత్నం చేశాను. కమలాపురం నుంచి వచ్చిన గుమ్మడికాయ ఒకటి తీసుకుని వాళ్ళింటికి పోయాను. శెట్టన్న వసారాలో కూర్చుని ఉన్నాడు. "ఎంతుంటాదో చెప్పన్నా" అని ఎప్పటిలా ఆయన ఒళ్ళో పెట్టాను. చెప్తాడు, సరిగ్గానే చెప్తాడు, నేను చప్పట్లు కొడతాను, అన్నీ సర్దుకుంటాయి. ఇదీ నా ఎత్తు. ఆయన గుమ్మడికాయను పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. నా బిడ్డల్ని పట్టుకున్నట్టే. పెదాలు కదిలాయి కూడా. తరవాత లోపలికి తిరిగి, త్రాసు తెమ్మని ఇంటావిడను కేకేశాడు.

రాజధాని తరలిపోయింది. ఆఫీసర్లు పోయారు. ఆట నేల మీద మళ్ళీ తంగేడు మొలిచింది. మా ఆయన తన చేతుల సత్తువ మీద నమ్మకంతోనే, కాలం వచ్చినప్పుడు పోయాడు. పదో రోజు శెట్టన్న నా పక్కన కూర్చుని, మీ ఆయన కడదాకా గట్టోడేనమ్మా, ముందుగా పాతబడింది నేనే అన్నాడు. మా ఇద్దరి మధ్య ఎవరూ లేరు. వినడానికి పెరట్లో మా ఆయన లేడు. ఇక ఎవరిని కాపాడాలని ఊరుకున్నాను? పోయిన మనిషి గొప్ప ఆ ఒక్క నోట్లోనైనా మిగలాలనిపించింది. దాని ధర శెట్టన్న చేత కట్టించాను. రెండేళ్ళకు ఆయనా పోయాడు.

క్షమించమని ఎవరిని అడగను? మీరు క్షమిస్తే మాత్రం చెల్లుతుందా? అది మీ చేతిలో ఉన్నది కాదు. ఖాసిం సాబూ లేడు. ఈ మాట తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను, ఇప్పుడు మీరు కలిశారు. ఈ పొద్దున పెట్టె తెరిచి, ఆ సీసం అరచేతిలో పెట్టుకుని, శెట్టన్న చేసినట్టే కళ్ళు మూసుకుని రెండుసార్లు ఎగరేసి పట్టుకున్నాను. నాకు బరువు తెలిసింది గానీ, ఎంతో తెలియలేదు. ఆ విద్య నాకు లేదు. ఆయనకు ఉండింది. చివరిదాకా ఉండింది.

ఆరు తులాలే శెట్టన్నా. నువ్వు చెప్పినంతే. నీ చెయ్యి పాతబడలేదు, నేనే అబద్ధం చెప్పాను.