మా ఇంటి తెలుగులో చెప్పిన మాట

మా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతారు, రాయరు. కోయంబత్తూరు పక్కన తుడియలూరులో పుట్టి పెరిగి, బడిలో తమిళం చదువుకున్నవాళ్ళం. అందుకే మాలో ఎవరికైనా కబురు పంపాలంటే ఫోనులో టైపు చేయడం ఉండదు, బొత్తాం నొక్కి పట్టుకుని వాగడమే. మా అమ్మ పంపే వాయిస్ మెసేజుల్లో తాలింపు చిటపటలు కూడా వినిపిస్తాయి. ఇంకో అలవాటు కూడా ఉంది మాకు. బస్సులోనో ఆస్పత్రిలోనో పక్కవాళ్ళు వినకూడని మాట వస్తే చటుక్కున తెలుగులోకి దిగిపోతాం. తెలుగులో అనేస్తే ఇక గుట్టుగా ఉన్నట్టేనని చిన్నప్పటి నుంచీ మాకొక ధీమా.

నాకు మూర్ఛ ఉంది. పదో తరగతిలో మొదలైంది. మాత్రలతో అదుపులోకి వచ్చి, కొన్నేళ్ళుగా అసలు రాలేదు. పంపులు తయారుచేసే వర్క్‌షాపు ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటూ హాయిగానే ఉన్నాను. ఈ సంగతి అమ్మకూ నాన్నకూ, తేనిలో ఉండే మా పెద్దమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. మొదటిసారి పడిపోయినప్పుడు నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది పెద్దమ్మే.

పోయిన ఏడాది కారమడై నుంచి సంబంధం వచ్చింది. అతనితో ఫోనులో మాట్లాడాను. నచ్చాడు. అబద్ధమెందుకు, బాగా నచ్చాడు. జబ్బు దాచి తాళి కట్టించుకునే రకాన్ని కాదు నేను. ఆదివారం వాళ్ళు పెళ్ళిచూపులకు మా ఇంటికి వచ్చినప్పుడు అతన్ని పక్కకు పిలిచి నా నోటితో నేనే చెప్పాలనుకున్నాను. అమ్మతో అంటే చెప్పొద్దని గోల చేస్తుంది. అందుకని గురువారం సాయంత్రం ఇంటికొచ్చే బస్సులో, మూల సీటులో ఒక తమిళావిడ పక్కన కూర్చుని, పెద్దమ్మకు తెలుగులో వాయిస్ మెసేజ్ పెట్టాను. ఏ మాత్రలు వేసుకుంటానో, బళ్ళో పడిపోయి బట్టలు తడుపుకున్న రోజు ఎంత సిగ్గుపడ్డానో, ఇతను వద్దంటాడేమోనని ఎంత భయంగా ఉందో అన్నీ చెప్పి, ఆదివారం అతనితో ఎలా మొదలుపెట్టమంటావని అడిగాను. మధ్యలో ఏడ్చాను కూడా.

శుక్రవారం ఆఫీసులో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోను. ఎవరో పెద్దాయన. మా తెలుగే.

"ఏమ్మా, ఫిట్సుకు మా దగ్గర నాటుమందు ఉండాది. ఒక మండలం రోజులు తాగితే సరిపోతాది. నీ గొంతు విని పాపమనిపించింది కన్నూ."

నా గొంతు ఎక్కడ విన్నారని అడిగాను.

"మనోళ్ళ సంబంధాల గ్రూపులో వచ్చుండాదే" అన్నాడు.

కోయంబత్తూరు నుంచి మదురై దాకా మావాళ్ళందరూ ఉండే గ్రూపు అది. వెంటనే పెద్దమ్మకు ఫోన్ చేశాను. ఆమెలో తొట్రుపాటు ఏ కోశానా లేదు.

"నేనే ఏసినాను కన్నూ. ఎవురికైనా మంచి డాక్టరు తెలిసుంటాడని. నీ నంబరు కూడా పెట్టినాను, నీకే నేరుగా చెప్తారని. అంతా మన సొంతకారులే గదా, బయటోళ్ళు ఎవురుండారు?"

"నీకు చెప్పినాను పెద్దమ్మా, ఊరికి కాదు."

"కవలపడొద్దు, దిగులెందుకు? నువ్వు వద్దంటే తీసేస్తాను."

తీసేసింది. ఏం లాభం? అప్పటికే అది ఎన్ని ఫోన్లలోకి దిగిందో, అక్కణ్ణుంచి ఏ గ్రూపులకు పోయిందో దేవుడికెరుక. మర్నాడు మదురై నుంచి ఒకావిడ ఫోన్ చేసి, "నీలాంటి పిల్లకి తగిన మాప్పిళ్ళ ఉండాడు, ఆయనకిది రెండో పెళ్ళి" అంది. నా ఒళ్ళు మండిపోయింది. ఆవిణ్ణి నోటికొచ్చినట్లు తిట్టి పెట్టేశాను. బస్సులో పక్కన కూర్చున్న తమిళావిడకు అర్థం కాకూడదని అంత జాగ్రత్తపడ్డానే, ఆవిడ విన్నా నాకేం నష్టం లేదు. తెలుగు తెలిసినవాళ్ళే నా బతుకు తేల్చేవాళ్ళు. వాళ్ళందరూ విన్నారు.

మళ్ళీ పెద్దమ్మకు ఫోన్ చేసి, నమ్మినందుకు నన్ను నట్టేట ముంచావన్నాను. ఆమెకు కోపం వచ్చింది.

"నేను ఒక మాట కలపలా, ఒక మాట తీయలా. చెప్పింది నీ గొంతే గదా" అంది.

నిన్నటిదాకా అమ్మకంటే ఎక్కువని నమ్మిన మనిషి ఆమె. ఫోన్ పెట్టేశాను.

ఆదివారం వాళ్ళు రాలేదు. మధ్యాహ్నం అతనే ఫోన్ చేశాడు.

"ఇంట్లో అందరూ హాల్లో కూర్చోని విన్నారు. ఊరంతా తెలిసినాక ఎట్ల చేసుకునేదని అమ్మ అంటా ఉండాది."

"నేను ఈరోజు మీకు చెప్పాలనే ఉండాను" అన్నాను.

"తెలుసు. అది కూడా విన్నాను."

మళ్ళీ అతనే, "మీరే మొదట నాకు చెప్పుంటే..." అని ఆగిపోయాడు.

"చెప్పుంటే ఏమనుందురు?"

"ఇప్పుడు నాకే తెలీడం లేదు" అన్నాడు.