మా అత్త మింగిన గోలీ

మార్గశిర మాసం, శనివారం. తెల్లవారగానే వాకిలి ఊడ్చి చల్లాను. నీళ్లు తోడి గోళెం నింపాను. జొన్నలు చెరిగి పిండి గిర్నీకి పంపాను. కందులు ఎండలో పోశాను. పిల్లలకు సద్దులు కట్టి బడికి తోలి బట్టలు నానబెడుతుంటే, మా ఆడబిడ్డ భర్త ఆత్మకూరు బస్సు దిగి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. చెప్పులు విడవలేదు. మా అత్త పది రోజులుగా వాళ్లింట్లోనే ఉంది.

"అక్కా, అత్త పోయింది. రాత్రి మంచిగనే తిన్నది. మా పెద్దపిల్ల పక్కలనే పండుకుంది. పొద్దుగాల పిల్ల లేపితే లేవలే."

"నువ్వు దగ్గరున్నవా? నీ కండ్లతోని జూసినవా?" అని అడిగాను.

అడిగిన తర్వాత తెలిసింది, ఆ మాట నాకు మా అత్త దగ్గర అంటుకున్నదని. ఎవరు ఏ కబురు తెచ్చినా ఆమె మొదట అడిగేది అదే. తన చావు కబురు తనకే తెచ్చినా అదే అడిగి ఉండేది.

మీలో ఎవరికీ ఆమె తెలియదు. గొర్రెలు పెంచే ఇంటి మనిషి. మా మామ పోయాక పల్లెలో మందను పెద్ద కొడుక్కి అప్పగించి, మహబూబ్‌నగర్‌లో గుమాస్తాగా ఉన్న చిన్న కొడుకు దగ్గరికి, అంటే మా ఇంటికి వచ్చింది. అప్పట్లో మేము ఊరి చివర, రైలు గేటు అవతల కొత్తగా పడ్డ కిరాయి ఇళ్లలో ఉండేవాళ్లం. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. ఒక ఇంట్లో తాళింపు వేస్తే వరసంతా తెలిసేది. ఆ వరసలో ఆమె నమ్మిన మనిషి లేడు. పాలచుక్కను గోటి మీద నిలబెట్టి చూసేది. ఉప్పయినా నాలుకకు తగిలించి గానీ కొనేది కాదు. ఇంటి లెక్క రాసేది నేను. ఆ లెక్కను నా చేత చదివించుకుని, తన వేళ్ల మీద మళ్లీ కూడేది. "నీ మీద అనుమానం గాదు పిల్లా, లెక్క మీద" అనేది. చాలా ఏళ్లు నాకది అవమానంగానే ఉండేది.

ఆ గుణం విలువ మా ఆడబిడ్డ కాన్పుకు వచ్చినప్పుడు తెలిసింది.

ఆడపిల్ల పుట్టింది, ఆఖరి రాత్రి అత్త పక్కలో పడుకున్న ఆ పెద్దపిల్లే. పురుడు వెళ్లిన కొద్ది రోజులకే బాలింత నిద్ర మానేసింది. గోడ వైపు తిరిగి తనలో తాను మాట్లాడుకునేది. పిల్లను చేతికిస్తే ఎగాదిగా చూసి కింద పెట్టేసేది. "గీ పిల్ల నాది గాదు. మార్చిండ్రు. నాదాన్ని ఏడ దాచిండ్రో చెప్పుండ్రి" అనేది.

అత్త పిల్లను వెలుతురులోకి తీసుకుపోయి చూపించింది. "గిటు జూడు బిడ్డా, గీ చెవు మీ నాయినది గాదా?"

"చెవు గూడ గట్లనే చేసి పెట్టిండ్రు" అన్నది కూతురు.

లోకాన్నంతా అనుమానించే తల్లి, ఆ అనుమానం ముందు పిల్లను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. పిల్లకు మేకపాలు కాచి నేనే పట్టేదాన్ని.

పక్కింట్లో ఉండే స్టేషను ఉద్యోగి భార్య గోడ మీది నుంచి అంతా చూసి, తాయెత్తు కట్టే మనిషిని పంపింది. అతను చూసి, "పెద్ద గాలి బట్టింది. మూడు మంగళారాలల్ల దిగుతది. చేతులు కట్టెయ్యాలె, జర దెబ్బ పడాలె" అన్నాడు.

"ఎవలికి?" అన్నది అత్త.

"లోపలున్నదానికి. మీ బిడ్డకు గాదు."

"లోపలున్నదానికి తగిలేటి దెబ్బ, పైనున్న నా బిడ్డకు తగలదా? మా మందల ఒక్కో గొర్రె ఈనినంక పిల్లను ఒల్లదు. పాలియ్యదు, తంతది. దానికి గాలి బట్టిందని కొడ్తమా? ఇద్దరినీ ఒక్క కాడ కట్టి ఓపిక వడ్తం. నీ నిమ్మకాయలు తీస్కపో."

తర్వాత బజారులో ఒక డాక్టరు. రక్తం తక్కువైంది, పది సూదులు పడితే లేచి తిరుగుతుందన్నాడు. పడ్డాయి. ఏమీ మారలేదు. ఇంకో పది అన్నాడు. "మొదటి పదితోని కానిది గీ పదితోని అయితదని నీకెట్ల తెల్సు?" అని అత్త అడిగితే ఆయనకు కోపం వచ్చింది. ఆమె కూతురి చేయి పట్టుకుని లేచి వచ్చేసింది.

పట్నంలో మనసు జబ్బులకు సర్కారు దవాఖాన ఉందని మా ఆయనకు ఆఫీసులో ఎవరో చెవిలో చెప్పారు. ఆ మాట చెవిలోనే చెప్పుకునేవాళ్లు. ఆడబిడ్డను అక్కడికి తీసుకుపోయామని ఆమె అత్తగారింట్లో తెలిస్తే కొడుక్కి ఇంకో పెళ్లి చేస్తారు. పిల్లతో సహా ఆమె బతుకంతా పుట్టింటి అరుగు మీదే. అందుకని వరసలో అందరికీ పండ్ల నొప్పి అని చెప్పాం. గురువారం గురువారం రైలెక్కుతుంటే పక్కింటామె ఊరుకోలేదు.

"మీ పిల్లకు ఎన్ని పండ్లున్నయే? ఇన్ని వారాలసంది పీకుతనే ఉండ్రు?"

"తక్కువ పడితే నీయి పీకిస్త. వస్తవా, బండికి టయిమైతాంది" అన్నది అత్త.

మొదటి రోజు పట్నం డాక్టరును ఆమే ముందుగా అడిగింది. "ఎన్ని దినాలల్ల నయమైతది సారూ?"

"ఇప్పుడే చెప్పలేనమ్మా. మందిచ్చి, మాట్లాడుతూ చూడాలి" అన్నాడాయన.

బయటికి వచ్చాక నాతో మెల్లగా అన్నది. "ఇన్ని దినాలల్ల గీయనొక్కడే అబద్ధమాడలే."

అంతమాత్రాన నమ్మిందని కాదు. కూతురిని అక్కడ ఉంచడానికి ఒప్పుకోలేదు. సర్కారు గోలీలు ఊరికే ఎందుకిస్తున్నారని దారి పొడుగునా అడిగింది. ఇంటికి వచ్చి అన్నాలయ్యాక, కూతురికి ఇవ్వాల్సిన గోలీ నా చేతిలో నుంచి తీసుకుని తన నోట్లో వేసుకుని నీళ్లు తాగింది.

"అత్తమ్మా, ఏం జేసినవ్!"

"విషమైతే నాకే పోతది. ఆగు, చూద్దాం."

కాసేపటికి మాట ముద్దగా వచ్చింది. గోడకు ఒరిగి అట్లాగే నిద్రపోయింది. లేపితే లేవదు. మా ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ తెల్లారేదాకా కూర్చున్నాడు. బాలింత కూడా గోడ వైపు చూడటం మాని తల్లి వైపే చూసింది. మరునాడు ఎండెక్కాక అత్త కళ్లు తెరిచింది. నోరు ఎండిపోయిందని చెంబెడు నీళ్లు తాగింది. ఇంత అన్నం పెట్టమంది. తిన్నాక, "విషం గాదు. నిద్రొచ్చే మందే. పిల్లకియ్యి" అన్నది.

ఈ సంగతి విని డాక్టరు ముందు గట్టిగా కోప్పడ్డాడు. తర్వాత నవ్వు ఆపుకోలేక కాగితాల మీదికి వంగిపోయాడు.

మందు ఒక్కటే అయితే ఆమె అంత పోరేది కాదు. ఆయన కూతురితో ఒంటరిగా మాట్లాడాలన్నాడు.

"కన్నతల్లి ముంగట చెప్పనిది నీకెందుకు చెప్తది?"

"నేను ఆమెకు ఏమీ కాను గదమ్మా, అందుకు."

అత్త ఆయన ముఖం తేరిపార చూసింది. తర్వాత వెళ్లి గడప మీద, లోపలికి వీపు పెట్టి కూర్చుంది. "ఇనను. గని నా ఈపు దానికి కనవడాలె" అని కొంగుతో రెండు చెవులూ మూసుకుంది. అట్లా కొన్ని వారాలు. తర్వాత వరండాలో బల్ల మీదికి మారింది. ఆ తర్వాత ఆవరణలో నల్లా దగ్గర, మనవరాలి బట్టలు జాడిస్తూ. ఇంట్లో మా ఆడబిడ్డ నిద్రపోవడం మొదలుపెట్టింది. ఒకనాడు నేను పాలు పడుతుంటే "కడుపు నిండిందా దానికి?" అని అడిగింది. ఇంకా లేదని పాలగిన్నె ఆమె వైపు జరిపాను.

సరిగ్గా అప్పుడే ఆమె భర్త వచ్చాడు. ఇచ్చిన నీళ్లు ముట్టలేదు.

"మా అమ్మ గీ ముచ్చట తేల్చుకొని రమ్మన్నది. పిచ్చి దవాఖానకు తిప్పుతుండ్రట గదా?"

"ఎవరన్నరు బావా? పండ్ల నొప్పి..." అని మా ఆయన మొదలుపెట్టాడు.

లోపలి నుంచి అత్త వచ్చింది. "పండ్లు గాదు. గా దవాఖానకే" అన్నది.

మా ఆయన వెళ్లి వీధి తలుపు వేసి వచ్చాడు. ఇన్నాళ్లు దాచింది ఆమే, ఇప్పుడు చెప్పేసిందీ ఆమే.

"అల్లుడా, నా మాట నమ్మకు. తల్లిని, బిడ్డ దిక్కే చెప్త. వీడు తోడబుట్టినోడు, వీడూ గంతే. నీకు గీ ముచ్చట మోసినోళ్ల మాట గూడ నమ్మకు, వాళ్లు దవాఖాన గడప తొక్కలే. రేపు గురువారం. బండెక్కు. నువ్వే జూడు, నువ్వే ఇను. గా పైన నీ ఇష్టం."

మరునాడు అతనూ వచ్చాడు. భర్త వింటే ఫరవాలేదా అని డాక్టరు మా ఆడబిడ్డను అడిగాడు. ఆమె తల ఊపింది. మేము తలుపు దగ్గర నిలబడ్డాం. ఆమె డాక్టరుకే చెప్పింది, మా వైపు చూడలేదు.

"పిల్ల నాదేనా అని ఇప్పటికి గూడ ఒక్కోపారి అనుమానమొస్తది సారూ. గని అది ఏడిస్తే నా కాళ్లు ఆగుతలేవు, ఉరుకుతున్నయ్. పరాయి పిల్లకైతే గట్ల ఉరుకుతయా?"

తిరుగు రైలెక్కాం. షాద్‌నగర్ దగ్గర పడుతుండగా అతను అత్తను అడిగాడు.

"ఇంకెన్ని దినాలు రావాలె?"

"తెల్వదు. సారుకే తెల్వదు."

అతను నా ఒళ్లో ఉన్న పిల్లను తీసుకుని తన ఒళ్లో పడుకోబెట్టుకున్నాడు. పట్టుకోవడం చేతకాలేదు. మా ఆడబిడ్డ చెయ్యి చాపి పిల్ల మెడ కింద అతని మోచేతిని సర్దింది.

"వచ్చే గురువారం నేనే వస్త. నేనే తోల్కపోత" అన్నాడు.

"మరి మీ అమ్మకేం చెప్తవ్?" అన్నాను.

"ఆమెను గూడ ఒక గురువారం బండెక్కిస్త."

అత్త ఏమైనా అంటుందేమో అని చూశాను. అన్ని వారాలూ ఆమె రైల్లో కన్ను మూసిన మనిషి కాదు. ఎక్కేవాళ్లను, దిగేవాళ్లను, మూటలను, కూతురి చేతులను చూస్తూనే ఉండేది. ఇప్పుడు తల పక్కకు వాలి నా భుజానికి ఆనింది. నోరు కొంచెం తెరుచుకుంది. కొంగు జారింది. జడ్చర్లలో జనం తోసుకుంటూ ఎక్కారు, ఎవరి గంపో ఆమె మోకాలికి తగిలింది. ఆమె కదల్లేదు. మా ఊరు వచ్చేదాకా మేమెవరమూ ఆమెను లేపలేదు.