ఇద్దరికీ ఒకటే మాత్ర

మా అమ్మా, చిన్నమ్మా కవలలు. జమ్మలమడుగులో వాళ్ల పుట్టింట ఒక ఆచారం ఉండేది. కవలల్లో ఒకరికి ఏ మందు ఇస్తే రెండోవాళ్లకూ అదే ఇవ్వాలి. అమ్మకు జ్వరమొస్తే అవ్వ చిన్నమ్మకూ కషాయం తాగించేది. ఏ రోగమూ లేని పిల్ల ఆ చేదు మింగలేక ఏడ్చేదట. పెద్దయ్యాక ఇద్దరూ అది చెప్పుకుని పడీపడీ నవ్వేవాళ్లు. చివరికి ఆ ఆచారమే మా కొంప ముంచింది.

పెళ్లయ్యాక అమ్మ ప్రొద్దుటూరికీ, చిన్నమ్మ పులివెందులకూ వెళ్లారు. యాభై దాటాక అమ్మ రొమ్ములో గడ్డ తేలింది. ఆపరేషన్ చేసి, తర్వాత రోజుకో మాత్ర వాడమన్నారు. అమ్మ తేరుకుంది. కొన్నాళ్లకు చిన్నమ్మకూ గడ్డ వచ్చింది. ఆమె ఒక్క అమ్మకే చెప్పింది. అమ్మ తన మాత్రలన్నీ సగానికి విరిచి, ఒక్కో సగం తను ఉంచుకుని, మిగతావి పొట్లం కట్టి పుట్టింట్లో కలిసినప్పుడల్లా చెల్లెలి చేతిలో పెట్టేది.

చిన్నమ్మ చిక్కి సగమై, దగ్గుతూ మా ఇంటికి వచ్చిన రోజు గానీ నాకీ సంగతి తెలియలేదు. ఒళ్లు మండిపోయింది. ఆసుపత్రికి పోకుండా ఇదేం వైద్యమని అరిచాను.

"ఏందిమే అట్ల అరుస్తాండావు? ఒకే కడుపులో ఒకేసారి పడినోళ్లం. నాకు పట్టిన మందు దానికి పట్టకుండా యాడికి పోతాది?" అంది అమ్మ.

"డాక్టరు ముందర రైక ఇప్పే పని తప్పింది గదా పాపా," అంది చిన్నమ్మ.

నేనే లాక్కెళ్లాను. గడ్డలోంచి ముక్క తీసి పరీక్షించారు. అప్పటికే రోగం ఊపిరితిత్తులకు పాకింది. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది: ఇద్దరూ ఒకే జీన్లతో పుట్టి ఉండొచ్చు. కానీ ఏ జీన్ పనిచేయాలో, ఏది ఊరుకోవాలో చూసే అదుపు ఒకటి ప్రతి కణంలోనూ ఉంటుంది. గడ్డలో తప్పేది ఆ అదుపే. అమ్మ గడ్డ హార్మోన్ అందితేనే పెరిగే రకం, మాత్ర దాన్ని అందనివ్వలేదు. చిన్నమ్మ గడ్డలో హార్మోన్‌ను అందుకునే జీన్ అణిగిపోయింది, కాబట్టి మాత్రకు అక్కడ పనే లేదు. పైగా, కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు కణాలను ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడిపించి, ఆ తర్వాత నిద్రపోయిన జీన్లు మళ్లీ లేచాయి. వాటి బలంతోనే రోగం కదిలింది.

"ఇద్దరమూ కడుపులో ఉన్నప్పటివేనా?" అని అడిగింది అమ్మ. డాక్టరమ్మ అవునంది.

ఆ వేసవి దాటకుండానే చిన్నమ్మ పోయింది. నాకు అమ్మ మీద ఇప్పటికీ కోపమే. ఆ కోపం చూపించడానికి మాత్రం మనసు రాదు.

సగం మాత్రతో నీకూ ముప్పేనని డాక్టరమ్మ అమ్మను గట్టిగా మందలించింది. ఇప్పుడు అమ్మ రోజూ మాత్ర పూర్తిగా వేసుకుంటుంది. కానీ ముందు విరుస్తుంది. తన సగం మింగి, రెండో సగం అరచేతిలో పెట్టుకుని కాసేపు కూర్చుంటుంది. ఆ తర్వాత అదీ తనే మింగుతుంది.