కప్పు కొట్టి చూడని పిల్ల

మా బాపు బొగ్గుబాయిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే కాంట్రాక్టు కూలీ. లోపలికి అడుగు పెట్టేముందు ఇనుప కడ్డీతో కప్పును కొట్టి వినాలి. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు, బోలుగా పలికితే ఊడిపడుతుంది. ఆ కొట్టడం బాపు పనే. నిరుడు కప్పు కూలి ఆయన జోడీదారు చనిపోయాడు. అప్పటి నుంచి బాపు పనికి పోలేదు. జోడీదారు భార్య మాత్రం రోజూ వచ్చి గడపలో కూర్చుని అదే మాట అడిగేది.

"గా పొద్దు కప్పు కొట్టి సూసిన్రా అన్నా?"

"కొట్టిన చెల్లె" అనేవాడు.

ఒక మధ్యాహ్నం, మనిషి కాస్త కదులుతాడేమోనని, నా ఫోన్లో జపాన్ కార్టూన్ పెట్టి ఆయన ముందుంచాను. భూతాల గుహను వీరులు కొల్లగొట్టి పోయాక, మళ్లీ దీపాలు వెలిగించి, ఉచ్చులు బిగించి, పెట్టెల్లో బంగారం నింపే కూలీల కథ. వీరుల కంట వాళ్లు పడకూడదట. నాకు ఒళ్లు మండింది. మా బాపు మాత్రం ఎవరి కంట పడ్డాడు?

తెరమీద ఒక కూలిపిల్ల కూలిన సొరంగంలోకి గబగబా దూరింది.

"ఏయ్, ఆగు! కప్పు కొట్టి సూడు!" అని బాపు ఫోను మీద అరిచాడు. "తొందరల గిట్లనే పోతరు. గా పొద్దు మేం గిట్లనే లోపలికి పోయినం బిడ్డా."

ఫోను ఆపేశాను. సాయంత్రం జోడీదారు భార్య వచ్చి, గడపలో కూర్చుని, అదే అడిగింది. బాపు నా వైపు చూశాడు.

"కొట్టిండట అత్తా" అన్నాను నేనే.