ఐసులో పెట్టిన బొటనవేలు

అమలాపురంలో ప్లాస్టిక్ సర్జరీ నేర్చుకుంటున్న రోజుల్లో నాకు అన్నిటికన్నా భయం ఫోనంటే. "మేడమ్, చెయ్యి తెగిన కేసు వచ్చింది" అని నర్సు అనగానే పై ప్రాణాలు పైనే పోయేవి. ముక్కులు సరిచేసే డాక్టరమ్మా అని మా చుట్టాలు నన్ను ఆటపట్టించేవారు. నేనేమో హాస్టల్ గదిలో కూర్చుని, చికెన్ కొట్టు నుంచి తెచ్చిన కోడికాళ్లలో రక్తనాళాలు వెతికి, వెంట్రుకకన్నా సన్నటి దారంతో కుడుతూ ఉండేదాన్ని. కోడికి నొప్పి లేదు, నాకు భయం లేదు.

ఆ మధ్యాహ్నం అంతర్వేది నుంచి ఒక జాలరిని తీసుకొచ్చారు. పడవ ఇంజను ఫ్యాను ఆయన కుడిచేతి బొటనవేలిని మొదలుకంటా కోసేసింది. పక్కనే భార్య, ఆమె ఒళ్లో రొయ్యలు పంపే థర్మాకోల్ పెట్టె.

"వేలు తెచ్చేమండి. ఏం పాడవలేదండి," అంటూ ఆమె మూత తీసింది.

కింద ఒక వరస ఐసు, పైన ఒక వరస ఐసు, మధ్యలో వేలు. చేపను ఎలా సర్దుతారో అచ్చం అలాగే. అలా పెట్టకూడదు. తెగిన వేలిని తడిగుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి, ఆ కవరును ఐసు మీద ఉంచాలి. ఐసు నేరుగా తగిలితే కండ గడ్డకట్టి చచ్చిపోతుంది. పట్టుకుంటే వేలు చెక్కముక్కలా ఉంది.

"బతుకుద్దాండీ? బొటనేలు లేపోతే వల తాడు పట్టుకోలేరండి," అందామె.

"చూద్దామమ్మా" అన్నాను. అంతకన్నా ధైర్యం చెప్పడానికి నా దగ్గరే లేదు.

మా ప్రొఫెసర్ గారు రాజమండ్రి నుంచి వస్తూ రావులపాలెం దగ్గర లారీల మధ్య ఇరుక్కుపోయారు. "నువ్వు మొదలుపెట్టమ్మా, వచ్చేస్తున్నా" అన్నారు ఫోనులో. ఎముకకు తీగ గుచ్చి వేలిని నిలబెట్టాను. మైక్రోస్కోపు కింద రక్తనాళం కుట్టాను. రక్తం ఆపడానికి పెట్టిన క్లిప్పు తీశాను. ఇప్పుడు వేలు ఎర్రబడాలి. పడలేదు. ఏ దేవుడికీ దండం పెట్టనిదాన్ని, మాస్కు వెనక వాడపల్లి వెంకన్నకు మొక్కేశాను. ప్రొఫెసర్ గారు వచ్చి, నా కుట్లు విప్పి మళ్లీ కుట్టారు. గోరు కింద రంగు వచ్చినట్టే వచ్చి పోయింది.

"నీ కుట్టు బాగానే ఉందమ్మా. ఐసు తినేసింది," అన్నారాయన. నాకేం ఊరట కలగలేదు. ఆమెకు చెప్పాల్సింది నేనే కదా!

కొన్నాళ్లకు వేలు నల్లబడింది, తీసేశాం. వరండాలో ఆమె నన్ను ఆపింది.

"ఐసు చాల్లేదాండీ?"

చెప్పాలంటే భయం. చెప్పకపోతే రేపు ఆ రేవులో ఇంకొకరి వేలూ ఇలాగే పెట్టెలోకి ఎక్కుతుంది. "తక్కువై కాదమ్మా, నేరుగా తగిలి" అని, ఎలా తేవాలో చెప్పాను. ఆమె పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

"రేవులో అందరికీ నేను చెప్తానండి. ఆయనకి మాత్రం చెప్పకండి. ఉన్న చేత్తో ఐసు సర్దింది ఆయనేనండి."

మర్నాడు కట్టు మారుస్తుంటే ఆయనే అడిగాడు.

"డాక్టరు గారూ, ఐసు ఏమైనా తక్కువైందాండీ?"

భార్య నా మొహంలోకే చూస్తోంది. ఆపరేషన్ బల్ల దగ్గర కూడా నేనంత భయపడలేదు.

"లేదండీ, చాలినంత వేశారు" అన్నాను.

"ఆయ్," అన్నాడాయన తేలిగ్గా. "ఐసు దగ్గర మేం తప్పు చెయ్యమండి."